పస్కా బల్లయొద్ద సంతోషము

పండుగ దినమున కుటుంబమంతయు కూడి తిని, నవ్వి, పిల్లలతో ఆడుకొనుట భక్తికి తగునా? దేవుని దినమును ఇంటి సంబరముగా చేసికొనినయెడల ఆయనను మరచినట్లు కాదా? అని మన సంఘములలో కొందరు పెద్దలు అడుగుచుందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు వెదకుటకు పస్కా పండుగను చూతము.

నిర్గమకాండము 12వ అధ్యాయమును మరల చదువుడి. మొదటి పస్కానాటికి ప్రత్యక్షపు గుడారము లేదు, దేవాలయము లేదు. దేవుడు ఇంటింటికి ఒక గొఱ్ఱెపిల్లను ఏర్పరచుకొనుడని సెలవిచ్చెను. పదియవ దినమున తెచ్చిన ఆ పిల్లను పదునాలుగవ దినమువరకు ఉంచుకొనిరి. దాని రక్తమును పూసినది తమ ఇంటి ద్వారబంధములకే. దాని మాంసమును తినినది తమ ఇంటిలోనే. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును పడగొట్టగా యూదులకు బలిపీఠము లేకపోయెను గాని, ఇంటి బల్ల మిగిలెను. ఆ బల్లయొద్దనే వారు నేటివరకు పస్కాను ఆచరించుచున్నారు.

ఆ రాత్రి వారి ఇండ్లలో సంతోషమునకు కొదువ లేదు. దాసులు నిలుచుండి తిందురు, స్వతంత్రులు ఆనుకొని తిందురు అని తలంచి దిండ్లకు ఆనుకొని కూర్చుందురు. అనేక ఇండ్లలో పులియని రొట్టెముక్క నొకదానిని దాచుదురు. పిల్లలు దానిని వెదకి తెచ్చి బహుమానము పుచ్చుకొందురు. అందరిలో చిన్నవాడు ఈ రాత్రి యెందుకు వేరుగా ఉన్నదని అడుగును. అప్పుడు పెద్దలు ఐగుప్తు దాస్యమును, దేవుని విడుదలను వివరించుదురు. పిల్లలు ఇట్లు అడుగుదురని దేవుడు ముందుగానే చెప్పియున్నాడు. కాబట్టి పిల్లల ఆటయు, వారి ప్రశ్నయు ఆ ఆరాధనలో భాగమే.

అయితే ఆ విడుదల రాత్రి ఐగుప్తులో ఇంటింట ఏడ్పు పుట్టెను. మన సంతోషము పొరుగువాని కన్నీటితో కలిసియున్నప్పుడు ఎట్లు సంతోషింపవలెను? యూదులు పది తెగుళ్ల పేర్లు చెప్పునప్పుడు ఒక్కొక్క పేరునకు గిన్నెలోని ద్రాక్షారసమును ఒక్కొక్క చుక్క తీసివేయుదురు. శత్రువు బాధపడెను గనుక మన గిన్నె నిండుగా ఉండరాదని అనేకులు దీనికి అర్థము చెప్పుదురు. చేదు కూరలును అదే బల్లమీద ఉండును. వారి సంతోషము దుఃఖమును దాచిపెట్టదు.

మరియొక సంగతి. గొఱ్ఱెపిల్లను తినుటకు చాలనంత చిన్న కుటుంబమైనయెడల పొరుగువానితో కలిసి తినవలెనని ఆజ్ఞ. పండుగకు ముందు బీదల రొట్టెపిండి కొరకు ధనము కూర్చుట యూదులలో పాత ఆచారము.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. నవ్వు పండుగను చెరుపదు. అప్పుచేసి కొనిన బట్టల గొప్ప చెరుపును. ఎందుకీ పండుగ అని బిడ్డ అడిగినప్పుడు, ఊరకుండుమని గద్దించు తండ్రి చెరుపును. ప్రక్క ఇంటి విధవరాలి పొయ్యి రాజలేదని తెలిసియు తలుపు వేసికొని తినువాడు చెరుపును. ఇంటిల్లిపాది ముఖమున నున్న సంతోషమును చూచి దేవుడు కోపించునా? మన ప్రభువు పండ్రెండేండ్ల బాలుడై తలిదండ్రులతో పస్కాకు వెళ్లెను. సిలువ దగ్గరపడిన రాత్రియు ఆ విందును మానక, తనవారితో కూర్చుండి భుజించెను.

కాబట్టి రాబోవు పునరుత్థాన పండుగనాడు బిడ్డలను నవ్వనిండు. అన్నము వడ్డించకముందు ఇంటిలో చిన్నవాని ప్రశ్న కొరకు కొంచెము ఆగుడి. జవాబు ముందుగా సిద్ధపరచుకొనుడి. వంట మొదలుపెట్టునప్పుడే, పొరుగున ఒంటరిగా నున్నవారు ఎవరో తలంచుకొని, వారికిని ఒక గుప్పెడు బియ్యము ఎసటిలో వేయుడి.