అలక ఎవరి దగ్గర నేర్చాడు?

గుంటూరులో ఓ ఇంటర్ హాస్టల్ వార్డెను, ఒకప్పుడు తనకు సైకాలజీ చెప్పిన మాస్టారి దగ్గరికి పంచాయితీ పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, మా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు. ప్రాణస్నేహితులు. చార్జర్ దగ్గర మాటామాటా వచ్చింది. తెల్లారేసరికి ఒకడు 'టిఫిన్‌కి రారా' అని పిలిచాడు. రెండోవాడు మొహం తిప్పుకున్నాడు. పక్కపక్క మంచాలే, నెలైనా మాటల్లేవు. ఆదివారం ఆ రెండోవాడి నాన్న వస్తే చెప్పాను. 'మా వంశమే అంతండీ! గట్టు తగాదా వచ్చి నేనూ మా తమ్ముడూ పదేళ్లుగా మాట్లాడుకోం' అన్నాడు, అదేదో బిరుదైనట్టు."

"ఇంకేం, జవాబు ఆయనే చెప్పాడుగా."

"అంత తేలిగ్గా ఒప్పుకోనండీ. పిల్లల్ని తీర్చిదిద్దేది అమ్మానాన్నల కన్నా తోటివాళ్లేనని జుడిత్ రిచ్ హారిస్ 1998లో పుస్తకమే రాసిందని మీరే చెప్పారు. మా పిల్లల్నే చూడండి. యాస, క్రాఫు, అభిమాన హీరో... మూడు నెలల్లో అన్నీ మారిపోతాయి."

"యాస మారింది సరే. అలిగే తీరు మారిందా?"

వార్డెను మాట్లాడలేదు.

హారిస్ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. వేషభాషల్లో తోటివాళ్లదే పైచేయి. స్నేహాన్ని నిలబెట్టుకునే నేర్పుకు మాత్రం పునాది అంతకన్నా ముందే పడుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1975లో మొదలైన అధ్యయనం పేద తల్లుల పిల్లల్ని పుట్టినప్పటి నుంచి దశాబ్దాల పాటు గమనించింది. ఏడాది వయసులో తల్లి దగ్గర భరోసా దొరికిన పిల్లలు పదేళ్లప్పుడు వేసవి శిబిరాల్లో సులువుగా స్నేహాలు కలుపుకున్నారు. ఇక ఇంట్లోని అన్నదమ్ముల సంగతంటారా, వాళ్ల అనుబంధం ఈడువాళ్ల చెలిమి లాంటిదని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. పాపం, ఆయన గుంటూరు గట్టు తగాదాలు చూడలేదు.

"మరి ఇంట్లో ఆ భరోసా లేనివాడి గతేంటి మాస్టారూ? వాడి నుదుట అలకే రాసుందా?"

"లేదయ్యా. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో దాదాపు మూడో వంతు చక్కగానే ఎదిగారు. వాళ్లలో చాలామందికి తాతో, అమ్మమ్మో, టీచరో, నమ్మదగిన పెద్దదిక్కు ఒకరు దొరికారు."

"అంటే, ఇక్కడ నేనా?"

"ఇంకెవరున్నారు? ఆ కుర్రాణ్ణి పిలువు. తప్పెవరిదని మాత్రం అడక్కు. కాసేపు కూర్చోబెట్టుకో."

"నా కింద నూట ఎనభై మంది ఉన్నారండీ!"

ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ర్యాంకులతో పాటు ఈ లెక్క కూడా అడగాలి.