లోపలి సంగతి ఎవరికెరుక?

శాలిబండలో బోరు వేయించినవారికి తెలుసు, కాస్త మట్టి దాటగానే గ్రానైటు రాయి తగులుతుంది. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మక్కా మసీదుకు వాడిందీ గ్రానైటే. మరి ఆ రాయి కింద ఏముంది?

మనిషి తవ్విన అత్యంత లోతైన బోరు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1989లో అది 12,262 మీటర్లకు చేరింది. భూకేంద్రమో 6,371 కిలోమీటర్ల లోతున ఉంది!

అయినా లోపలి సంగతి మనకు కొంత తెలిసింది. భూకంప తరంగాలు భూగర్భం గుండా ప్రయాణిస్తాయి. వాటిలో ఒక రకం ద్రవంలో సాగలేవు. మన దేశపు భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసిన ఓల్డ్‌హామ్, 1906లో తరంగాల ఆధారంగానే భూమికి కేంద్రకం ఉందని చూపారు. తరువాత అదంతా ద్రవమేనని భావించారు. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త్రి ఇంగే లేమాన్, ఆ ద్రవం నడుమ వేరొక కేంద్రకం ఉందని నిరూపించారు. పైన పెంకు, కింద 2,900 కిలోమీటర్ల దాకా రాతిపొర, 5,150 దాకా కరిగిన ఇనుము, నికెల్, నడుమ గట్టి లోహగోళం అని నేడు చెబుతున్నారు. మన ఉప్పల్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కూడా ఇలాంటి ప్రకంపనలనే నమోదు చేస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. భూమి లోపలి గురించి వారు ఆధారం ఉన్నంతే చెప్పారు. కొత్త ఆధారం దొరికితే పాత మాట మార్చుకున్నారు. మరి మనం? పక్కింటివాడు రెండు జుమాలు రాకపోతే, “వాడి గుండెలో ఈమాన్ లేదు” అనేస్తాం. ఒకరు దానం చేస్తే, “పేరు కోసమే” అంటాం. ఏ తరంగాలు విని చెబుతున్నాం?

యుద్ధంలో కలిమా పలికిన వ్యక్తిని, ప్రాణభయంతోనే పలికాడని భావించి హజ్రత్ ఉసామా (రజి) చంపారు. దైవప్రవక్త (స) ఆయన్ను తీవ్రంగా మందలిస్తూ, అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశారు.

అలాగని తప్పును తప్పనకూడదా? అనాలి. చేత కంటికి కనబడుతుంది, దాన్ని సరిదిద్దవచ్చు. సంకల్పం మాత్రం అల్లాహ్‌కే ఎరుక. పైగా అరబీలో హృదయానికి ‘ఖల్బ్’ అని పేరు. ఆ ధాతువుకు మరలడం అని అర్థం. నిన్నటి హృదయం నేడు మరలి ఉండవచ్చు.

కాలి కింది రాయినే చీల్చి చూడలేని మనం, తోటి మనిషి గుండెపై తీర్పు చెప్పేముందు నాలుకను అదుపులో పెట్టుకుందాం.