ముట్టుకోకే!

మొన్న మా పెరట్లో వేపచెట్టు కింద గోరువంక పిల్ల ఒకటి కనబడింది. ఒంటినిండా ఈకలొచ్చాయి గానీ తోక ఇంకా పొట్టిదే. మనవరాలు గబుక్కున తీయబోయింది.

"ముట్టుకోకే! మనిషి వాసన తగిల్తే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదు," అంది మా ఆవిడ.

ఆ మాట నేనూ చిన్నప్పట్నించీ విన్నదే. నిజం కాదు. మన చెయ్యి తగిలిందని పక్షులు మామూలుగా పిల్లల్ని వదిలెయ్యవు. ఈకలు రాని పసిగుడ్డయితే ఎత్తి గూట్లో పెట్టెయ్యాలి. ఈకలొచ్చిన పిల్లంటారా, అది చాలావరకు ఎగరడం నేర్చుకోడానికి దిగిందే. పిల్లికి అందకుండా ఏ పొదలోకో జరిపి, మనం తప్పుకోవాలి.

ఈ తప్పుకోవడం ఉంది చూశారూ, పదేళ్ళప్పుడు అదే నా వల్ల కాలేదు. ఇలాంటి పిల్లనే అట్టపెట్టెలో దాచి, దూదితో నోట్లో పాలు పిండాను. పక్షికి ఊపిరిగొట్టం నాలిక వెనకే తెరుచుకుంటుందని నాకేం తెలుసు? తెల్లారేసరికి పోయింది. వారం రోజులు ఏడ్చాను. అది జాలో, నా దగ్గరే ఉండాలన్న ముచ్చటో ఇప్పటికీ తేల్చుకోలేను.

"మరి పిల్లి వస్తేనో, తాతయ్యా?"

రావచ్చు. ఇద్దరం అరుగుమీద కాపలా కూచున్నాం. తల్లి పురుగుతో కొమ్మమీద వాలింది. మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయింది.

"పద, లోపలికెళ్దాం," అన్నాను.

వచ్చింది గానీ, కిటికీ దగ్గర్నించి మాత్రం కదల్లేదు మనవరాలు. నేనూ అంతే.