మానవుడు మూలధనమా?

నిరుపేద బాలునకు విద్య గరపినచో దేశమునకు లాభము కలుగునని అర్థశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇది సత్యమే. కాని ఆ లాభము నిమిత్తమే అతనికి విద్య గరపవలెనా? లాభము లేనిచో మానివేయవచ్చునా? సేవాధర్మమును నమ్మినవారు ఈ ప్రశ్నను దాటిపోరాదు.

థియొడోర్ షుల్ట్జ్ అను ఆర్థికవేత్త 1960లో అమెరికా అర్థశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా ఉపన్యసించుచు, విద్యకును ఆరోగ్యమునకును చేయు వ్యయములో అధికభాగము యంత్రములపై పెట్టు పెట్టుబడి వంటిదే యని వాదించెను. స్వతంత్రుడైన మానవుని సంపదగా లెక్కించుట పలువురకు రోతగా తోచునని ఆయనయే ఒప్పుకొనెను. 1979లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 'మానవ మూలధనము' అను ఈ భావము వలన మేలు కలుగలేదనరాదు. పాఠశాలకు ధనమీయ వెనుకాడు ప్రభుత్వములకు సైతము తెలియు భాషలో అది బీదల పక్షమున మాటాడినది.

అయినను ఇందొక లోపము గలదు. పెట్టుబడి పెట్టువాడు తిరిగి వచ్చుదానినే చూచును. మంచము పట్టిన వృద్ధురాలినుండి, నయముకాని వ్యాధితో బాధపడు శిశువునుండి తిరిగి వచ్చునదేమి? వారియెడ ఆ లెక్క మూగవోవును. విద్యారోగ్యములు ఉత్పత్తికి సాధనములు మాత్రమే కావనియు, తనకు విలువైన జీవితమును గడపుటకు మానవునకు గల శక్తిలో అవి భాగములనియు చెప్పి అమర్త్య సేన్ ఈ లోపమును సరిదిద్దజూచెను.

గీత పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమునకు చెప్పబడిన లక్షణములు ఇచట స్మరింపదగినవి. ప్రత్యుపకారము చేయనివానికి, ఈయవలెనను బుద్ధితోనే ఈయవలెను. దేశకాలపాత్రముల నెరిగి ఈయవలెను. ప్రతిఫలము కోరి ఇచ్చునది రాజసము. మొదటి లక్షణము పెట్టుబడి బుద్ధిని మందలించుచున్నది. రెండవది మనలనే మందలించుచున్నది. ఇచ్చినది చేరవలసినవానికి, చేరవలసిన వేళకు చేరినదా యని విచారించువారు మనలో ఎందరు?

రాజస్థానములోని ఉదయపూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మున్నగువారు 134 గ్రామములలో జరిపిన పరిశోధన 2010లో ప్రకటింపబడినది. అచట శిశువులకు టీకాలు ఉచితమే. కాని వేయవలసిన నర్సు తరచుగా కేంద్రమున ఉండకుండెను. ప్రత్యేకమైన ఏర్పాటు లేని గ్రామములలో టీకాలన్నియు పూర్తియైన శిశువులు నూటికి 6గురు మాత్రమే. నెలనెలా తప్పక శిబిరము జరిపినచోట 18 మంది. శిబిరముతోపాటు ప్రతి టీకాకు కిలో పప్పును, అన్నియు పూర్తియైనపుడు భోజనపు పళ్లెములును ఇచ్చినచోట 39 మంది.

పప్పు చూపి మంచిపని చేయించుట తగునా యని కొందరు ఆక్షేపింతురు. వారు ఆ తల్లి స్థానమున నిలిచి ఆలోచింతురుగాక. ఆ పప్పు విలువ ఒక దినపు కూలిలో ఇంచుమించు ముప్పాతిక. నేటి కూలి కంటికి కనబడును. ఎన్నడో రాబోవు వ్యాధి కనబడదు. కలవారమైన మనమును మేలైన పనులను రేపటికి వాయిదా వేయుట లేదా? ఇంతేకాక, ఎక్కువమంది వచ్చినందున నర్సు దినవేతనము పలువురకు సర్దుకొని, ఒక్కొక్క శిశువునకు పడిన వ్యయము, పప్పు ఖర్చుతో సహా, వట్టి శిబిరముల దానిలో సగమే యయ్యెను. అజ్ఞానులని బీదలను నిందించుటకు ముందు, చెప్పిన దినమున మనము వచ్చితిమా యని మనలను ప్రశ్నించుకొనవలెను.

ఎందుకు ఈయవలెనో లెక్క చెప్పజాలదు. ఎట్లు ఈయవలెనో జాలి ఒక్కటే చెప్పజాలదు. వివేకానందస్వామి దరిద్రుని నారాయణుడనెను. నారాయణుని పూజించువాడు పూజవలన మిగులు లాభమును లెక్కింపడు. కాని అన్నము ఉడికినదో లేదో చూడక నైవేద్యము పెట్టడు.