అప్పు ఎరుగనివానికి పరపతి ఏది?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవి సాయంకాలమున మా అక్కగారి కుమారుడు హైదరాబాదునుండి మా యింటికి వచ్చెను. అతనికి ఉద్యోగము దొరికి అప్పటికి ఏడాది నిండలేదు. తండ్రి లేని పిల్లవాడు. తల్లి కాపురమున్న పెంకుటిల్లు వానకు కురియుచున్నది. పాత కప్పు తీయించి స్లాబు వేయింపవలెనని అతని కోరిక. అందుకై బ్యాంకులో అప్పు అడుగగా, ఋణచరిత్ర లేదని చెప్పి వారు త్రిప్పి పంపిరి. కాఫీ గ్లాసు ప్రక్కన పెట్టి అతడు నన్నడిగిన మాట నేటికిని నా చెవులలో నున్నది.

"మామయ్యా, నేనెవరికీ ఒక్క రూపాయి బాకీ లేను. అది నా తప్పా?"

నేను బదులు చెప్పకముందే మరియొక మాట అడిగెను. "ముందొక క్రెడిట్ కార్డు తీసుకొని, వాడి, కట్టి, స్కోరు తెచ్చుకోమంటున్నారు మా స్నేహితులు. నన్ను నమ్మించడానికి నేను అప్పు చేయాలా? అది మంచి పనేనా?"

ఆ రాత్రి నేనతనికి సమాధానము చెప్పలేకపోతిని. అప్పు చేయకుండ బ్రదికితినని పదిమందిలో చెప్పుకొను అలవాటు నాకున్నది. అట్టి నాకు, అప్పు ఎరుగకపోవుటయే ఒకనికి అడ్డుగోడ యగునన్న సంగతి మ్రింగుడుపడలేదు. ప్రియ చదువరీ, నీ యింటను ఉద్యోగమునకు క్రొత్తగా వెళ్లిన కుమారుడో కుమార్తెయో ఉన్నయెడల, ఈ ప్రశ్న రేపో మాపో నీ గుమ్మమునకును వచ్చును. కనుక దీనిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

మొదట ఈ స్కోరు అనునది ఏమో తెలిసికొనవలెను. మన దేశములో సిబిల్ అను సంస్థ 2000లో ఏర్పడినది. 2005లో పార్లమెంటు ఋణ సమాచార సంస్థలను గూర్చి ఒక చట్టము చేసినది. నేడు అట్టి సంస్థలు నాలుగున్నవి. మనము బ్యాంకునుండి తీసికొన్న ప్రతి అప్పును, కార్డుపై వాడిన ప్రతి మొత్తమును, అవి గడువులోపల తీర్చితిమో లేదో ఆ సంగతిని బ్యాంకులు ఈ సంస్థలకు తెలుపును. వాటినిబట్టి 300 మొదలు 900 వరకు ఒక అంకె మన పేరున నిలుచును. ఏమియు తీసికొననివానికి అంకెయే యుండదు. అనగా ఎగవేసినవానిని గూర్చి చెడుగా వ్రాయబడియుండును. అప్పు చేయనివానిని గూర్చి అసలేమియు వ్రాయబడదు. తెలియనివానిని చూచి బ్యాంకు జంకును.

ఇది అన్యాయమని నాకును తోచినది. అయితే ఆ రాత్రి నిద్ర పట్టక, నా చిన్ననాటి సంగతులు తలపోసికొనుచుండగా, నా గర్వము కొంత కరగినది.

మా నాన్నగారు బడిపంతులు. మా ఊరి శెట్టిగారి కొట్టులో మాకొక పద్దు ఉండెడిది. అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకములో మా నాన్నగారి పేర ఒక పుట. నెల పొడుగునా ఉప్పు, పప్పు, కిరసనాయిలు అందులో ఎక్కెడివి. జీతమందిన దినమున నాన్నగారు ఇల్లు చేరకమునుపే కొట్టుకు వెళ్లి లెక్క తీర్చి వచ్చెడివారు. ఒకమారు జీతములు మూడు నెలలు నిలిచిపోయినవి. మొదటి తేదీ వచ్చినది. చేతిలో పైకము లేదు. అయినను నాన్నగారు ఉతికిన చొక్కా తొడిగికొని ఎప్పటివలెనే కొట్టుకు వెళ్లిరి. నేను వెంట వెళ్లితిని. "శెట్టిగారూ, ఈ నెల ఇవ్వలేను. మీరు అడుగకముందే చెప్పిపోదామని వచ్చాను" అనిరి. శెట్టిగారు పుస్తకము మూసి, "మీరు వచ్చి చెప్పారు గదా పంతులుగారూ, అది చాలు" అని పిల్లవాడనైన నా చేతిలో ఒక బెల్లపుముక్క పెట్టిరి.

అప్పు లేకుండ బ్రదికితిమని నేను చెప్పుకొనుచుంటినే, నిజమునకు మా పొయ్యి నెలలో ఇరువదియెనిమిది దినములు శెట్టిగారి పద్దు మీదనే వెలిగినది. మేము అప్పు చేయకపోలేదు. మా మీద నమ్మకముంచినవాడు మా వీధిలోనే యుండుటచేత దానిని అప్పని పిలువలేదు, అంతే. తెలుగులో పరపతి అను మాట రెండర్థములలో వాడుదుము. నలుగురిలో మనకున్న పలుకుబడియు పరపతియే. పంటకు రైతుకిచ్చు అప్పును పరపతియే. పల్లెలలోని సహకార పరపతి సంఘముల పేరు ఎరుగనివారు లేరు. మాట నిలుపుకొనువానికే అప్పు పుట్టునని ఆ మాటను వాడిన పెద్దలు ఎరిగియుండిరి.

ఇంకొక సంగతియు దాచకుండ చెప్పవలెను. అదే కొట్టులో, ఊరి చివరి పేటనుండి వచ్చు కూలివారికి పద్దు లేదు. వారు రొక్కము చూపినగాని ఉప్పు కొలిచెడివారు కారు. వారు మా కంటె తక్కువ నిజాయితీపరులు కారు. కాని వారు ఎవరి బిడ్డలో, ఏ పేటవారో చూచి ఆ నమ్మకము పంచబడెను. బెల్లపుముక్క తిన్న నేను ఆనాడు ఆ సంగతి గమనింపలేదు. కనుక పాతకాలపు పరపతి అంతయు ధర్మమేయని చెప్పుటకు నాకు నోరు రాదు. నేటి అంకెలో దయ లేదు. అయితే ఆ అంకె వేయువాడు, నీవు ఎవని కుమారుడవు, ఏ వీధివాడవు అని అడుగడు. గడువునాటికి కట్టితివా అని మాత్రమే అడుగును.

అయినను ఆ అంకెయే మనిషి కాదు. అది గడువు దాటినదని ఎరుగును గాని, ఏల దాటెనో ఎరుగదు. చెల్లెలి ఆస్పత్రి ఖర్చుకై ఆలస్యము చేసినవానిని, జూదమాడి ఆలస్యము చేసినవానిని ఒకే గీతతో కొట్టివేయును. అడుగకమునుపే వెళ్లి చెప్పిన మా నాన్నగారి ఉతికిన చొక్కాకు ఆ లెక్కలో మార్కులు లేవు. కాబట్టి ఎక్కువ అంకె గలవాడు అతిశయింపనక్కరలేదు. తక్కువ అంకె గలవాడు తల వంచుకొననక్కరలేదు. వైద్యుడు చూచు జ్వరమానివలె అది ఒక్క సంగతినే కొలుచును.

మరుసటి ఉదయమున నేను మా అల్లునితో చెప్పినది ఇది. "నాయనా, లేని డబ్బును ఖర్చు చేయుటకు అప్పు చేయకు. కాని నీ చేతిలో ఉన్న డబ్బును, చెప్పిన దినమున, చెప్పినట్లు కట్టగలవని చూపుటకు కార్డు తీసికొనుట తప్పు కాదు. మొదటిది అవసరమునకు మించిన ఆశ. రెండవది నీ మాటకు సాక్ష్యము."

కార్డు మనకు నిన్న మొన్నటి వింత కాదు. 1923లో మచిలీపట్నమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డును ప్రవేశపెట్టి, దేశములో ఈ పనికి ముందుగా పూనుకొన్న బ్యాంకులలో ఒకటిగా నిలిచినది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. నాడు కార్డు కొద్దిమంది జేబులలో ఉండెడిది. నేడు అంగడి ద్వారమునను, ఫోనులోను వెంటబడి ఇచ్చెదమనుచున్నారు. కోరనివానికి కార్డు పంపరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశములలో స్పష్టముగా నిషేధించినది. అయినను, వద్దు అనవలసిన నోరు మనదే.

మా అల్లుడు తన బ్యాంకులో 20,000 రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, దాని పూచీమీద ఒక కార్డు తీసికొనెను. చరిత్ర లేనివానికి ఇది సులభమైన తలుపు. విమానాశ్రయములోని విశ్రాంతి గదులు, సినిమా టిక్కెట్లు మొదలగు బహుమానములను చూడక, ఏటేటా రుసుము లేని కార్డునే ఎన్నుకొనెను. ఫోను బిల్లు, పెట్రోలు తప్ప దానిమీద ఏమియు పెట్టవద్దని, పరిమితిలో మూడవ వంతు దాటవద్దని, దానితో ఎన్నడును రొక్కము తీయవద్దని అనుకొంటిమి. రొక్కము తీసినచో ఆ దినమునుండియే వడ్డీ నడుచును. బిల్లు మొత్తము గడువునాటికి ఖాతానుండి దానంతటదే వెళ్లునట్లు ఏర్పాటు చేసెను. ఒకేసారి నాలుగు బ్యాంకులలో దరఖాస్తు పెట్టలేదు. అట్లు పెట్టినవాడు కరవుపడినవానివలె కనబడును.

ఇంత జాగ్రత్తపడియు, అయిదవ నెలలో జారిపడెను. పండుగ అమ్మకములలో 14,000 రూపాయల ఫోను ఆ కార్డుమీద కొనెను. ఖాతాలో చాలినంత పైకము లేదని తెలిసి, తానే ఆ ఏర్పాటును మార్చి, బిల్లుపై కనిష్ఠ మొత్తమని వ్రాసియున్న 700 రూపాయలు మాత్రము కట్టి, గండము గడచినదనుకొనెను. మరుసటి బిల్లు చూచి రాత్రి పది గంటలకు నాకు ఫోను చేసెను. ఇద్దరము లెక్క వేసితిమి. మిగిలిన 13,300 పైన నెలకు నూటికి మూడున్నర రూపాయల చొప్పున వడ్డీ దాదాపు 465. దానిపై పన్ను నూటికి 18 చొప్పున సుమారు 84. కట్టిన 700లో 550 వరకు వడ్డీకిని పన్నుకును సరిపోయి, అసలులో తరిగినది నూట యేబది మాత్రమే. పైగా, పాత బాకీ నిలిచియున్నంతకాలము క్రొత్తగా కొన్న వస్తువులకు గడువు అను దయ లేదు, కొన్ననాటినుండియే వడ్డీ. నూటికి మూడు రూపాయలు వడ్డీ తీయువానిని మన ఊళ్లలో రక్తము పీల్చువాడందురు. నూటికి మూడున్నర తీయుదానిని మెరయు అట్టగా జేబులో దాచుకొందుము.

నేనతనిని గద్దింపలేదు. తాతయ్య ఉతికిన చొక్కా తొడిగికొని కొట్టుకు వెళ్లిన కథ చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "మామయ్యా, నేను మీకు ముందే చెప్పవలసింది" అనెను. దసరాకు ఊరికి రాలేదు. బయట భోజనము మానెను. రెండు నెలలలో అంతయు తీర్చెను. నా మట్టుకు, ఆ ఫోను పిలుపే అతని అసలైన ఋణచరిత్రకు మొదటి పుట.

ఏడాదిన్నర గడచిన తరువాత బ్యాంకువారు అప్పు ఇచ్చిరి. స్లాబు పడినది. వాయిదాలు నేటికిని నడచుచున్నవి. మొదటిమారు అప్పు అడుగువానిని, చరిత్ర లేదన్న ఒక్క కారణముచేత త్రోసివేయరాదని 2025లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించినది. అది మంచి మాట. ఆ మాట ముందే వచ్చియుంటే మా అక్కగారి ఇంటిలో ఒక వానాకాలము తక్కువగా కురిసియుండునేమో.

నీ చరిత్రను నీవును చదువుకొనుము. ప్రతి ఋణ సమాచార సంస్థనుండియు ఏటికొకమారు ఉచితముగా పూర్తి నివేదిక పొందు హక్కు నీకున్నది. అందులో నీది కాని అప్పు నీ పేర కనబడినయెడల ఫిర్యాదు చేయుము. ముప్పది దినములలో దానిని పరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెనని 2023లో నియమము చేయబడినది.

చివరిగా ఒక్క మాట. ఇతరులు మనలను నమ్మవలెనని కోరుట తప్పు కాదు. ఆ నమ్మకమునకు తగినవారమై యుండక, దాని గుర్తును మాత్రము కోరుటయే తప్పు. యౌవనుడా, నీ మొదటి కార్డు తీసికొను దినమున దానిని ధనముగా ఎంచకుము. నీవు ఇచ్చిన మాటగా ఎంచుము. తీర్చగల దినములలో గడువు దాటనీయకుము. తీర్చలేని దినము వచ్చినయెడల దాగుకొనకుము. వారు అడుగకమునుపే వెళ్లి చెప్పుము. మరియు నీ వీధిలో పద్దు దొరకనివాడొకడు ఉండును. అంకె లేకపోయినను మనుష్యుడైన అతనిని నమ్ముటకు నీ చేతిలో ఏమున్నదో, నీ లెక్కలు చూచుకొను రాత్రి ఒకమారు ఆలోచింపుము.