పెళ్లెందుకక్కా!

మా పిన్ని కొడుక్కి నలభై దగ్గరపడుతున్నాయి. తనకి మగవాళ్లే నచ్చుతారని ఇంట్లో నాకొక్కదానికే చెప్పాడు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, మగా మగా, ఆడా ఆడా చేసుకునే పెళ్లికి చట్టపు గుర్తింపు ఇవ్వడం తన పని కాదనీ, అది పార్లమెంటు చూసుకోవాలనీ తేల్చేసింది. ఓదారుద్దామని ఫోను చేశాను. "మాకు పెళ్లెందుకక్కా!" అని నవ్వేశాడు.

కోర్టుకెక్కిన వాళ్లలో హైదరాబాదు జంట కూడా ఉంది. 2021 డిసెంబరులోనే అయినవాళ్ల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. వాళ్లకంత కావలసిన పెళ్లి వీడికెందుకు అక్కర్లేదు?

పెళ్లంటే బందిఖానా అని నిజంగానే నమ్మి వద్దనుకునేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. (ఆడవాళ్లం, ఆ మాట మనకేం కొత్త?) కానీ మావాడి నవ్వు వింటే నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. అందరూ తిన్నాక గిన్నె ఖాళీ. "నాకు గారెలు పడవే" అనేది. ఏళ్ల తరబడి అనీ అనీ చివరికి ఆవిడే నమ్మేసింది. చిన్నప్పట్నుంచీ సినిమాల్లో, పెళ్లిపందిళ్లలో తనలాంటి వాళ్ల మీద వేళాకోళాలు విన్న కుర్రాడు ఆ వెక్కిరింతని తనలోకే మింగేస్తాడని మనస్తత్వ శాస్త్రజ్ఞులంటారు. ఇక కోరుకోవడమే సిగ్గనిపిస్తుంది. 2018లో అదే కోర్టు ఇది నేరం కాదంది, నిజమే. సిగ్గు కోర్టు మాట వింటుందా?

ఇంతా చెప్పి నా సంగతి దాచకూడదు. వాడు నాకు చెప్పిన రోజున నా నోట వచ్చిన మొదటి మాట, "పిన్నికి చెప్పకురా."

మొన్న మళ్లీ అడిగాను, నిజంగానే వద్దా అని.

"అమ్మకి చెప్పాక అడుగక్కా" అన్నాడు.