తిరునాళ్లలో పుట్టినదినము



శ్రీరామనవమికి భద్రాచలము పోవు దారిని మీరు చూచియుందురు. మార్చి చివర గాని ఏప్రిల్ నెలలో గాని ఆ పండుగ వచ్చును. అప్పటికి అడవిలో ఇప్పపువ్వు రాలుచుండును. మిరపచేలలో కోతలు ముగింపునకు వచ్చుచుండును. తునికాకు కోతకు దినములు దగ్గరపడుచుండును. గోదావరి సన్నగిల్లి, నడుమ ఇసుకతిన్నెలు తేలియుండును. ఖమ్మము, కొత్తగూడెము, చర్ల వైపులనుండి జనులు బస్సులలోను, ఆటోలలోను, కాలినడకను వచ్చెదరు. ఊరంతయు పందిళ్లు, బొమ్మల అంగళ్లు, మిఠాయి కొట్లు.

సరిగా ఆ దినముననే మీ పుట్టినదినము వచ్చినదనుకొనుడి. మీరు ఆ ఊరిలోనో, దాని ప్రక్క గూడెములోనో కాపురమున్న క్రైస్తవులు. ఆ దినమును ఎట్లు గడుపుదురు? పండుగ మనది కాదని తలుపు మూసికొని లోపల కూర్చుందురా? లేక వీధిలోనికి పోవుదురా? పోయి ఏమి చేయుదురు?

ఇది చిన్న ప్రశ్న అని నవ్వవద్దు. దీనిలో రెండు పెద్ద ప్రశ్నలు దాగియున్నవి. పుట్టినదినము ఎవరిది? పొరుగువాని పండుగనాడు మనము వానికి ఏమగుదుము?

మొదటి ప్రశ్నను చూతము. మన తాతలలో అనేకులకు పుట్టిన తేదీ లేదు. తునికాకు కోయునప్పుడు పుట్టినవాడు, పెద్దవరద యేట పుట్టినది, అని తల్లులు లెక్క చెప్పుదురు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలమువద్ద 75.6 అడుగుల ఎత్తున పారెను. ఆ వరదయే అనేక గృహములకు క్యాలెండరు. బడిలో చేర్చుకొన్ననాడు పంతులుగారు తనకు తోచిన తేదీని పుస్తకములో వ్రాసిరి. ఆధార్ కార్డు వచ్చినప్పుడు, సంవత్సరము మాత్రమే తెలిసినవారిలో అనేకులకు జనవరి 1 పడెను. అట్లయిన ఆ పెద్దలు పుట్టనేలేదా? వారి పుట్టుక తక్కువదా?

ఒక మాట ఆలోచింపుడి. మన రక్షకుడు పుట్టిన తేదీ నాలుగు సువార్తలలో ఎక్కడను లేదు. డిసెంబరు 25న ఆ పండుగ చేసినట్లు మనకు దొరికిన తొలి ఆధారములు నాలుగవ శతాబ్దపు రోమా పట్టణమునకు చెందినవి. తేదీ తెలియకపోయినను ఆయన పుట్టుక మనకు సువార్తయే గదా. కాబట్టి తేదీ లేని అవ్వను చూచి ఎవరును చిన్నచూపు చూడకూడదు. అయితే నేటి బిడ్డలకు తేదీ అక్కరలేదని దీని భావము కాదు. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చెను. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, మరి అనేక పనులకును జనన ధ్రువపత్రమే ఆధారమని ఇప్పుడు నియమము. బిడ్డ పుట్టిన 21 దినములలోగా వ్రాయించుడి. అదియును బిడ్డను గౌరవించుటయే.

పరిశుద్ధ గ్రంథములో పుట్టినదినపు విందులని స్పష్టముగా కనబడునవి రెండే. ఒకటి ఫరో విందు. మరియొకటి హేరోదు విందు. ఫరో తన పుట్టినదినమున పానదాయకుని విడిపించి, భక్ష్యకారుని వ్రేలాడదీయించెను. హేరోదు తన పుట్టినదినమున ఒక చిన్నదాని నాట్యమునకు మురిసి, బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించెను. ఇందునుబట్టి పుట్టినదినమే పాపమని కొందరు భక్తులు చెప్పిరి. నాకట్లు తోచదు. విందులో తప్పు లేదు. ఈ దినము నాది, ఈ దినమున అందరి బ్రదుకులు నా చేతిలోనివే, అని ఆ యిద్దరును తలంచిరి. తప్పు అక్కడ ఉన్నది. తన దినమున తన మాటయే చెల్లవలెనని కోరువాడు రాజు కానక్కరలేదు. మన యింటిలోని మగవాడు కావచ్చును, గారాబముగా పెరిగిన పిల్లవాడు కావచ్చును. అప్పుచేసి కేకు, కొత్తబట్టలు, మైకుసెట్టు తెమ్మని తండ్రిని పీడించు యౌవనుడు కావచ్చును.

పుట్టుటలో మనము చేసిన పని యేమి? ఏమియు లేదు. నొప్పులు పడినది తల్లి. రాత్రివేళ పరుగెత్తినది మంత్రసాని గాని నర్సమ్మ గాని. వేడినీళ్లు కాచినది పొరుగింటి అక్క. కాబట్టి పుట్టినదినము మనము పొందవలసిన బాకీ కాదు, తీర్చవలసిన బాకీ. లెక్క సరిగా చూచినయెడల ఆ దినమున మొదటి అన్నపుముద్ద తల్లికి పెట్టవలెను.

ఇప్పుడు తిరునాళ్లవైపు చూడుడి. మన విశ్వాసము వేరు. అయినను పొరుగువాని ఆచారమును మర్యాదతో చూచుటకు విశ్వాసము అడ్డు రాదు. నవమి రాముని పుట్టినదినమని వారు చెప్పుదురు. అయితే భద్రాచలములో ఆ దినమున ముఖ్యముగా జరుగునది సీతారాముల కల్యాణము. మిథిలా స్టేడియములో వేలమంది కూర్చుండి చూచెదరు. మరునాడు పట్టాభిషేకము. 17వ శతాబ్దములో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండిన కంచర్ల గోపన్న ఆ గుడి కట్టించెను. సర్కారు సొమ్ము వాడెనని గోల్కొండలో ఖైదు అనుభవించెనని ప్రసిద్ధి. తానీషా మహమ్మదీయుడు. ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయన కాలమునుండి వచ్చినదని జనులు చెప్పుకొందురు. ప్రభుత్వము నేటికిని వాటిని పంపుచున్నది. ఆ దినమున బెల్లపు పానకము, వడపప్పు వీధివీధిని పంచుదురు. ఎండలో వచ్చినవారికి చల్లనిది త్రాగనిచ్చి పంపుట వారి పద్ధతి. పుట్టినదినమున పుచ్చుకొనుటకంటె పంచుటయే ఎక్కువగా అక్కడ కనబడును. ఇది మనము చూచి నేర్చుకొనదగినది కాదా?

అంతమంది జనములో మీరు నిలువబడినప్పుడు ఒక్కరైనను మీకొరకు వచ్చినవారు కారు. మీ పుట్టినదినమని ఎవరికిని తెలియదు. మొదట మనస్సు కొంచెము చిన్నబోవును. నిదానించి చూడుడి. మీరు లేకయే లోకము సంతోషింపగలదు. మీరు నడుమ కూర్చుండకయే దీపములు వెలుగును. ఇది తెలిసికొన్నవాడు పెద్ద బరువు దించుకొన్నట్లే. బేత్లెహేమునుగూర్చి తలంచుడి. ఆనాడు ఆ ఊరు ప్రజాసంఖ్య వ్రాయించుకొన వచ్చినవారితో క్రిక్కిరిసియుండెను. వారిలో ఎవరును ఆ శిశువుకొరకు రాలేదు. సత్రములో స్థలముకూడ దొరకలేదు. పరుల పనిమీద నిండిన ఊరిలో, ఎవరును ఎరుగని మూలను, మన ప్రభువు జన్మదినము గడచెను. దానివలన ఆయనకు ఏమి తక్కువాయెను?

అయితే ఇక్కడ ఒకరు అడ్డు చెప్పవచ్చును. “అయ్యా, ఎవరును గుర్తింపకుండుట మంచిదని మీరు చెప్పుచున్నారు. మా పిల్లను పుట్టిననాటినుండి ఎవరును గుర్తింపనేలేదు. ఆడపిల్ల పుట్టినదని తాత ముఖము త్రిప్పుకొనెను. అన్నకు చొక్కా కుట్టించిరి. దీనికి ఏనాడును ఒక రిబ్బనైనను కొనలేదు. దీనికికూడ తగ్గింపు నేర్పవలెనా?”

ఈ మాట న్యాయమైనది. దీనిని త్రోసివేయకూడదు. ఒకప్పుడైనను పెద్దపీట దొరికినవాడే దానినుండి దిగి తగ్గింపు నేర్చుకొనగలడు. ఎన్నడును పీట వేయబడని బిడ్డకు మొదట పీట వేయవలెను. ఇంటిలో మగపిల్లవాని దినము చేసి ఆడపిల్ల దినము మరచినయెడల, మనము హేరోదువలె తల తీయలేదు గాని ఒక ప్రాణమును తక్కువచేసితిమి. కూలివారి బిడ్డకు, తల్లిలేని బిడ్డకు, హాస్టలులో ఉన్న కోయ పిల్లకు ఒక దినమైనను “నీవు పుట్టుట మాకు సంతోషము” అని చెప్పువారుండవలెను. దానికి కేకు అక్కరలేదు. సంఘములో లేచి ఆమె పేరు చెప్పి ప్రార్థించిన చాలును. ఒక గ్లాసెడు పాయసము చాలును. తన పుట్టినదినమున యోబు ఆ దినమునే శపించెనని కాదు గాని, తన శ్రమలో తాను పుట్టిన దినమును శపించెనని మనము చదివితిమి. అట్టి మాట మన బిడ్డ నోట రాకుండ చూచుకొనుట పెద్దల పని.

ఇక రెండవ ప్రశ్న. వీధిలోనికి పోవచ్చునా? పౌలు కొరింథులోని సంఘమునకును రోమాలోని సంఘమునకును ఇట్టి సంగతులే వ్రాసెను. తన మనస్సాక్షిని చూచుకొనవలెను. తనకంటె బలహీనుడైన సహోదరుని మనస్సాక్షినికూడ చూచుకొనవలెను. ఇది ఆయన బోధ సారము. పూజలో చేరుట వేరు, ప్రసాదము పుచ్చుకొనుట వేరు, పొరుగువానితో నాలుగు మాటలాడుట వేరు. వీటినన్నిటిని ఒకే కట్టగా కట్టి భయపడవద్దు. ఒకే కట్టగా కట్టి తేలికచేయవద్దు. పూజలో మీరు చేరజాలరు. ఆ మాట నెమ్మదిగా చెప్పిన పొరుగువారు అర్థము చేసికొందురు. ప్రసాదము విషయములో మీ మనస్సాక్షి ఒప్పనియెడల చేతులు జోడించి మర్యాదగా వద్దనుడి, ముఖము చిట్లింపవద్దు. ఆ పొరుగువాడే మీ యింట చావు జరిగిననాడు పాడె మోసెను. వరదలో మీ బిడ్డను భుజమున ఎత్తుకొనెను. క్రిస్మసునాడు మీ పిండివంటలు తినెను. అతని పండుగనాడు మీరు తలుపు మూసిన, అతడు ఆ తలుపును చూచును.

కాబట్టి నా సలహా ఇది. మీ పుట్టినదినమున ఉదయమే తల్లికి నమస్కరించి, ప్రార్థన చేసికొని, మీ యింటి ముందర చెట్టు నీడను రెండు కొత్తకుండలు పెట్టి చలివేంద్రము నడపుడి. దప్పిగొన్నవానికి నీళ్లిచ్చుట ఏ విగ్రహమునకును మ్రొక్కుట కాదు. అట్టి గిన్నెడు చన్నీళ్లనుగూర్చి ప్రభువు ఏమి సెలవిచ్చెనో మీరెరుగుదురు. దూరపు గూడెమునుండి బిడ్డను చంకనెత్తుకొని నడచివచ్చిన స్త్రీకి మొదట పోయుడి.

ఒక్క హెచ్చరిక. నీళ్లను నీళ్లుగానే ఇయ్యుడి. ఒక చేత చెంబు, మరియొక చేత వల పట్టుకొనవద్దు. త్రాగినవాడు మీ మాట వినవలెనను షరతు పెట్టినయెడల అది దానము కాదు, బేరము. ఆయన తన సూర్యుని అందరిమీద ఉదయింపజేయుచున్నాడు. చైత్రపు ఎండయందు ఆ సంగతి మనకు బాగుగా తెలియును! ఎవరైనను “ఎందుకు పోయుచున్నారు?” అని అడిగినప్పుడు, “ఈ దినము నా పుట్టినదినము, అమ్మా” అని చెప్పుడి. అది సత్యము. అది చాలును.

చదువరీ, మీ తరువాతి పుట్టినదినము ఎప్పుడు వచ్చును? ఆ దినమున మీకు ఎవరు ఏమి ఇచ్చెదరో అని కాక, మీరు పుట్టినందున ఎవరి దప్పి తీరునో అని ఇప్పుడే తలంచుడి. తేదీ తెలియనివారు ఏ దినమునైనను ఏర్పరచుకొనవచ్చును. దప్పిగొన్నవారు ప్రతిదినమును ఆ దారిన వచ్చుచునే యున్నారు.